రికార్డు గదిలో ఒక్క స్టూలు

మా మనవరాలికి ఇంటి నుంచే పనిచేసే వెసులుబాటు ఉంది కాబట్టి, ఈ ఎండాకాలం బెంగళూరు వదిలి కర్నూలులో నా దగ్గర కొన్నాళ్ళు ఉంటానని వచ్చింది. కర్నూలు ఎండకు భయపడి బెంగళూరు పోయేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, బెంగళూరు నుంచి ఈ ఎండలోకి వచ్చినదాన్ని దీన్నొక్కదాన్నే చూశాను. వచ్చిన కొత్తలో బాగానే ఉంది, బనగానపల్లె మామిడిపండ్లు మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నది, మిద్దెమీద తిరిగింది. ఆ తర్వాత పనిలో ఏదో తప్పు దొరకడం లేదంటూ తిండి మీద కూడా ధ్యాస లేకుండా ఆ కంప్యూటర్ ముందే కూర్చుండిపోయింది. అంత కష్టం ఏమొచ్చిందే అని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. కంప్యూటర్ లోపల అన్ని పనులనూ కనిపెట్టుకుని ఉండే పెద్ద గుమస్తా లాంటిది ఒకటుంటుందట, దాన్ని కెర్నెల్ అంటారట. ఫైలు తెరవాలన్నా, రాయాలన్నా, మూయాలన్నా దాని చేతిమీదుగానే జరగాలట. రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు కోసం వచ్చినప్పుడు, మొదటిది చూసి ఇక్కడ ఖాళీ ఉంది రాసుకుందాం అనుకుని రాయబోయేలోపల రెండోది కూడా వచ్చి చూసి, అదీ అలాగే అనుకుంటుందట. రెండూ రాస్తాయి, ఒకదాని రాత పోతుంది. చూడటానికీ రాయడానికీ మధ్య ఉండే ఆ వెంట్రుకవాసి సందులోనే చిక్కంతా ఉందట. ఎన్నోసార్లు సరిగ్గా జరిగి ఎప్పుడో ఒకసారి తప్పుతుంది కాబట్టి పట్టుకోవడం కష్టమట. దీన్ని రేస్ కండిషన్ అంటారని చెప్పి, నీకు అర్థం కాదులే అవ్వా అని మళ్ళీ అటు తిరిగింది.

నాకెందుకు అర్థం కాదు? ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తలపట్టుకున్నది ఆ చిక్కుతోనే. మాకు దాని పేరు తెలియదు, అంతే. పైగా దీని రెండు ప్రోగ్రాములకూ ముఖాలు లేవు. మా దగ్గర ఒకటి మా మేనమామ, రెండోది మా చిన్నాయన.

అది కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మాట. నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, గుడారాలలో ప్రభుత్వపు కచేరీలు నడిచిన కాలం, ఏ ఊళ్ళో ఏ వస్తువు కనబడకపోయినా కర్నూలుకు పోయిందనడం అలవాటైన కాలం. మాది ఆ జిల్లాలోనే ఒక తాలూకా కచేరీ. ఊరి పేరు చెప్పను, అందులో పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ళతో నాకు మాటలున్నాయి, ఉండనివ్వాలి. తూర్పున నల్లమల కొండలు నీలంగా కనిపించేవి, అహోబిలం తిరునాళ్ళకు పోయే బండ్లు మా కచేరీ ముందు నుంచే పోయేవి. నాపరాళ్ళు పరిచిన కప్పు, మూరెడు మందం గోడలు. మా కచేరీలో ఉన్న మంచి కుర్చీలు కూడా రాజధానికే పోయాయని చెప్పుకునేవారు. నిజమో అబద్ధమో నాకు తెలియదు, నేను చేరేసరికి మాత్రం రికార్డు గదిలో నాకొక చాపా, ఒక పొట్టి బల్లా, వచ్చినవాళ్ళకు ఒకే ఒక్క స్టూలూ ఉండేవి.

మా నాయన నేను బడిలో ఉండగానే పోయాడు. ఆ తర్వాత మా ఇంటిని నిలబెట్టింది ఇద్దరు, మా అమ్మ తమ్ముడు అంటే మా మామ, మా నాయన తమ్ముడు అంటే మా చిన్నాయన. ఇద్దరూ ఆ తాలూకా కచేరీలోనే గుమస్తాలు. మామ కొర్రల మూట పంపితే చిన్నాయన శెనక్కాయల మూట పంపేవాడు, చిన్నాయన పలకా బలపం కొంటే మామ పరికిణీ గుడ్డ తెచ్చేవాడు. ఎస్సెస్సెల్సీ అయ్యాక నన్ను ఇంట్లో కూర్చోబెట్టకూడదని ఇద్దరూ కలిసే నిశ్చయించి, ఇద్దరూ కలిసే తాసిల్దారు ముందు నిలబడి, రికార్డు గదిలో తాత్కాలికపు ఉద్యోగం ఇప్పించారు. ఆడపిల్ల కచేరీకి పోవడమేమిటని ఊళ్ళో అన్నవాళ్ళకు మామ నోటితో జవాబు చెబితే చిన్నాయన చూపుతో చెప్పేవాడు. ఒకరిది నోరు, ఒకరిది మౌనం. జోడెద్దుల మాదిరి ఉండేవారు.

అటువంటివాళ్ళకు మా అక్క పెళ్ళిలో చెడింది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు, చెడింది అన్నం దగ్గర. మా మెట్టసీమలో ఆ రోజుల్లో దినామూ తినేది కొర్రన్నమో, రాగిసంగటో, సజ్జరొట్టెనో. వరన్నం పండుగకూ పబ్బానికీ పెళ్ళికీ చూసే వస్తువు. కన్యాదానం చేసే తండ్రి లేడు కాబట్టి పెళ్ళి పెత్తనం చిన్నాయనది. మగపెళ్ళివారికి వడ్డింపులు చూసుకుంటూ మామ తిండి సంగతే మరిచిపోయి కడపటి బంతిలో కూర్చున్నాడు. అప్పటికి వరన్నం అయిపోయింది. వంటవాళ్ళు ఎవరినీ అడగకుండా కొర్రన్నం తెచ్చి వడ్డించారు. మామ ఒకసారి ఆకు వంక చూసి, ఏమప్పా ఇది అన్నాడు, అంతే. చిన్నాయన మాత్రం అప్పటికే పెళ్ళిపనితో సగమైపోయి ఉన్నాడు, ఎప్పుడూ నోరు మెదపని మనిషి ఆ ఒక్కసారి మెదిపాడు.

"మీ ఇంట్లో దినామూ తినేది అదే కదప్పా, ఈడ కొత్తేముండాది?"

బంతిలో ఎవరో నవ్వారు. మామ ఆకు మడవకుండానే లేచిపోయాడు. అంతటితో సరి. చిన్నాయన తప్పయిందని అననూ లేదు, మామ పోనీలే అననూ లేదు. ఇద్దరూ మా ఇంటికి రావడం మానలేదు గానీ ఒకరున్నప్పుడు ఇంకొకరు రారు. మా అమ్మ పని అడకత్తెరలో పోకచెక్క అయింది. ఒకవైపు తోడబుట్టినవాడు, ఇంకోవైపు మొగుడి తోడబుట్టినవాడు, ఇద్దరి ఉప్పూ తిన్న ఇల్లు. నేను కచేరీ నుంచి రాగానే చెప్పులు విడవకముందే ఆమె అడిగే మాట ఒకటే, ఈ పొద్దన్నా మాట్లాడుకున్యారా అని. లేదని చెప్పడం నాకు అలవాటైపోయింది. విని పొయ్యి దగ్గరకు పోవడం ఆమెకు అలవాటు కాలేదు.

ఇక కచేరీ సంగతి. ప్రతి ఊరికీ ఒక దస్త్రం ఉండేది, ఎర్రగుడ్డలో కట్టి ఊరి పేరు రాసి నా గదిలో అరలలో పెట్టేవాళ్ళం. ఆ ఊళ్ళో ప్రభుత్వపు బంజరు ఏ సర్వే నెంబరులో ఎంత ఉంది, ఏది ఎవరికి ఇచ్చారు, ఏది ఖాళీ అన్నది అందులో ఉంటుంది. భూమి లేని పేదలు దరఖాస్తు పెట్టుకుంటే పట్టా తయారుచేసే పని మామది. పట్టాళం నుంచి తిరిగొచ్చినవాళ్ళకు భూమి ఇచ్చే పని చిన్నాయనది. అంటే ఇద్దరూ ఇచ్చేది ఆ ఒక్క దస్త్రంలోని ఖాళీల నుంచే. వచ్చి దస్త్రం చూస్తారు, ఖాళీ నెంబరు గుర్తుపెట్టుకుంటారు, తమ బల్ల దగ్గరకు పోయి చిత్తు రాస్తారు, సాపు చేయిస్తారు, తాసిల్దారు సంతకం అయ్యాక తిరిగొచ్చి దస్త్రంలో ఫలానావారికి ఇచ్చామని ఎక్కిస్తారు. చూడటానికీ ఎక్కించడానికీ మధ్య ఒక పూట పట్టవచ్చు, తాసిల్దారు ఊళ్ళు తిరిగే మకాంలో ఉంటే వారం కూడా పట్టవచ్చు. మా మనవరాలి సందు వెంట్రుకవాసి, మా సందులో ఎద్దులబండి పట్టేది.

మరి అంతకుముందు అన్నేళ్ళూ ఎలా జరిగింది? నేను చాలా రోజులు ఆలోచించాను. జరిగిందెలాగంటే, దస్త్రం చూసి పోతూ పోతూ మామ వసారాలో నుంచే గొంతెత్తి, ఏమప్పా ఆ వాగుపక్క నెంబరు నేను తీసుకుంటాండా అనేవాడు. చిన్నాయన తల ఊపేవాడు. అంతే. అది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. ఎవరూ దాన్ని పని అని కూడా అనుకోలేదు. కచేరీ నడిచింది ఆ కేక మీదా, ఆ తల ఊపడం మీదా. అక్క పెళ్ళిలో ఆగిపోయింది అదే.

తొలకరికి ముందు ఒకరోజు వసారాలోకి ఒక ఆయమ్మ వచ్చి కూర్చుంది. కూలి చేసుకుని బతికే మనిషి, నడివయసు, చేతులు చూస్తేనే కష్టం తెలుస్తుంది. ఆమె వెనకే ఒక మిలిటరీ ఆయన వచ్చాడు, మీసమూ బూట్లూ ఇంకా పట్టాళంలోనే ఉన్నట్టుండేవి. ఇద్దరి చేతుల్లోనూ పట్టాలున్నాయి, రెండింటి మీదా తాసిల్దారు సంతకముంది, రెండింటిలోనూ నెంబరు ఒకటే. ఇద్దరూ పొలం దగ్గర ఎదురుపడి, పోట్లాడుకోకుండా కలిసి నడిచి వచ్చారు, అది వాళ్ళ పెద్దరికం. ఆయమ్మ కాగితం నాకు చూపించి నెమ్మదిగా చెప్పింది.

"కాయితాలు రెండిచ్చినారు, సరే. నేల ఒగటే ఉండాది కదమ్మా."

ఎక్కడ తప్పు జరిగిందో ఎవరూ విచారించనక్కరలేకపోయింది. తాసిల్దారుగారు కోస్తా నుంచి వచ్చిన మనిషి, మంచివారే గానీ కోపం ముక్కుమీదే ఉండేది. మామనూ చిన్నాయననూ పక్కపక్కన నిలబెట్టి, మీ ఇంటి కయ్యాలు ప్రభుత్వపు దస్త్రాల్లోకి తెస్తారా అని కేకలేశారు. ఇద్దరూ తలవంచుకున్నారు, ఒకరికొకరు మాత్రం ముఖం చూపించుకోలేదు. మిలిటరీ ఆయన పట్టా దస్త్రంలో ముందుగా ఎక్కింది కాబట్టి ఆ నేల ఆయనదన్నారు. ఆయమ్మకు దాని కిందనే ఉన్న ఇంకో నెంబరు ఇమ్మన్నారు, అది కాస్త గులకరాళ్ళ గరుగు నేల అయినా వాగు పక్కనుంది. చిక్కల్లా ఆమె దున్నడానికి తెచ్చుకున్న ఎద్దులు ఆమె అన్నవి. తొలివాన పడితే ఆ అన్నకు తన పొలానికే కావాలి. ఆలోపల పట్టా చేతికి రాకపోతే ఆ ఏడు విత్తనం లేదు, పట్టా లేకుండా దున్నితే కరణం ఊరుకోడు. కాబట్టి ఆయమ్మ దినామూ వచ్చి మా వసారాలో కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. నేను కనబడితే మాత్రం ఆకాశం వైపు చూసేది.

ఇలాంటిది మళ్ళీ జరగకుండా చూడమని తాసిల్దారుగారు నాకు చెప్పారు, దస్త్రాలు నా గదిలోవి కాబట్టి. నేను నా తెలివికొద్దీ ఒక పుస్తకం పెట్టి, దస్త్రం ఎవరు తీసుకుపోతే వాళ్ళు సంతకం చెయ్యాలన్నాను. ఎంత గొప్ప ఏర్పాటు చేశానో అని నాకు నేనే మురిసిపోయాను. అయితే ఇద్దరూ దస్త్రాన్ని తీసుకుపోయేవారే కాదు. నా గదిలోనే నిలబడి చూసి, నెంబరు మనసులో పెట్టుకుని పోయేవారు. చూసేదానికి సంతకమెందుకమ్మా అన్నాడు మామ, నిజమే కదా అనుకున్నాను. ఆయమ్మకని మామ చూసుకున్న వాగుపక్క నెంబరునే చిన్నాయన ఇంకో పట్టాళపువాడికని చూసుకుపోయాడు. రెండు సాపు ప్రతులూ ఒకే కట్టలో తాసిల్దారుగారి బల్లమీదకు చేరబట్టి దొరికిపోయాయి గానీ, లేకపోతే వసారాలో మళ్ళీ ఇంకో జంట కూర్చునేది. ఆ రోజు ఆయన నన్ను కూడా కలిపి తిట్టారు. దస్త్రం ఎక్కడుందో చెప్పే పుస్తకం పెట్టావు గానీ, అది చూసినవాడి మనసులో ఏముందో చెప్పే పుస్తకం పెట్టలేదు కదా అన్నారు. తిట్టినా అందులో సత్యముంది. మా మనవరాలు కూడా సందును తగ్గించినంత మాత్రాన చాలదు, మూయాలి అంటుంది.

దీనికంతటికీ మందు ఏమిటో కచేరీలో నీళ్ళు తెచ్చిపోసే మనిషికి కూడా తెలుసు. ఆయమ్మ ఒకనాడు కొంగుతో మెడ తుడుచుకుంటూ అననే అన్నది.

"ఆయప్పా ఈయప్పా ఒగ మాట మాట్లాడుకుంటే అయిపోయేదానికి, ఇంత రచ్చ యాల తల్లీ?"

గోటితో పోయేదానికి గొడ్డలి అని మా అమ్మ కూడా అంది. నేను మామ దగ్గరకు పోయి మెల్లగా కదిలించాను. నీ పని నువ్వు చూసుకోమ్మా అన్నాడు, అంత నోరున్న మనిషి. చిన్నాయన కలం సిరాలో ముంచుకుని రాతలో పడ్డాడు. ఇద్దరూ నన్ను కూతురికన్నా ఎక్కువగా చూసుకున్నవాళ్ళు, అటువంటివాళ్ళను గద్దించే నోరు నాకెక్కడిది? నాకు అధికారం ఉన్నదల్లా ఆ నాలుగు గోడల మధ్యనే. సరే అని అక్కడే చేశాను. దస్త్రం ఇక గది దాటదు, నిలబడి చూడటమూ లేదు. ఎవరికి పనుంటే వాళ్ళు ఆ ఒక్క స్టూలు మీద కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళకే దస్త్రం విప్పి ఇస్తాను. చిత్తు అక్కడే రాయాలి, బంట్రోతు పోయి తాసిల్దారుగారి సంతకం తెచ్చేదాకా అక్కడే ఉండాలి, ఎక్కించాల్సింది ఎక్కించాకే లేవాలి. అంతవరకు రెండోవారు గడప బయటే. వినడానికి చిన్నపిల్లల కుర్చీలాట మాదిరి ఉంది గానీ, తాసిల్దారుగారు ఒప్పుకున్నారు. పరమ మర్యాదస్తులైన ఆ ఇద్దరూ కూడా మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో నాకు తర్వాత అర్థమైంది. ఆ ఏర్పాటులో మాట్లాడే పని లేదు.

మర్నాడు పొద్దున్నే మామ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయమ్మ పట్టా ఆ పూట అయిపోతుందని నేను అనుకున్నాను, ఆమె కూడా అనుకుంది. మామ చిత్తు సగం రాసి కలం ఆపాడు. హద్దులు రాయాలంటే ఆ ఊరి కొలతల పటం కావాలి. పటం చూస్తే నా గదిలో లేదు. పటాలు అప్పటిదాకా ఎవరి బల్ల దగ్గర అవసరముంటే అక్కడే ఉండేవి. ఆ ఊరి పటం చిన్నాయన చంకలో ఉంది. ఆయన గడప బయట వసారాలో స్తంభానికి ఆనుకుని, చుట్టిన పటాన్ని చంకలో పెట్టుకుని, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. ఆయనకూ అదే ఊరిలో పనుంది, ఆయన పని కావాలంటే దస్త్రం కావాలి. మామ పటం లేకుండా లేవలేడు, చిన్నాయన దస్త్రం చూడకుండా పటం వదలడు. దీనికి కూడా మా మనవరాలి దగ్గర ఒక పేరుంది, డెడ్‌లాక్ అట. ఒకదాని తాళం ఇంకొకదాని దగ్గర ఉండి, రెండూ కదలకుండా నిలిచిపోవడం. పేరు బాగుంది. మా దగ్గర అది పొద్దున మొదలై మధ్యాహ్నం దాటినా సాగింది. మామకు ఇంటి నుంచి సజ్జరొట్టె వస్తే స్టూలు మీదనే కూర్చుని తిన్నాడు, దస్త్రానికి చెయ్యి తగలకుండా జాగ్రత్తగా. చిన్నాయన అదీ తినలేదు.

నేను పోయి పటం ఇమ్మని చిన్నాయనను అడిగాను. నాకూ పని ఉండాది కదమ్మా, స్టూలు ఖాళీ అయితే నా పని చేసుకుని ఇస్తా అన్నాడు. లోపలికొచ్చి కాసేపు లేవమని మామను అడిగాను.

"ఎక్కించకుండా లేయగూడదని చెప్పింది నువ్వే కదమ్మా," అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మళ్ళీ నా చాప మీద కూర్చున్నాను. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. నేను కలగజేసుకోకపోతే ఏమవుతుంది? ఇద్దరికీ మధ్య ఉన్నది గడప. మామ గొంతెత్తి ఏమప్పా అనాల్సిన పని కూడా లేదు, మామూలుగా అన్నా వినపడుతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పితే తప్ప ఈ ముడి విడదు. ఊరంతా, మా అమ్మా, నేనూ కోరుకుంటున్నది అదే కదా. కుక్కిన పేనులా ఊరకే కూర్చున్నాను. చూస్తుండగానే మామ కలం బల్లమీద పెట్టి, గడప వైపు తిరిగాడు. పెదాలు తడుపుకున్నాడు. చిన్నాయన స్తంభం వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు, చంకలో పటం కాస్త కిందికి జారింది, దాన్ని చేత్తో పట్టుకున్నాడు. మా అక్క పెళ్ళి తర్వాత వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదలు. ఈ సాయంత్రం అమ్మకు వేరే జవాబు చెబుతాననే అనుకున్నాను.

అప్పుడు వసారా మెట్ల మీద నుంచి ఆయమ్మ గొంతు వినిపించింది. వాళ్ళతో కాదు, నాతో.

"మబ్బు పడతాండాది తల్లీ. తెల్లారితే మా అన్న ఎద్దులు తోలుకపోతాడంట."

ఆ మాట వినగానే మామ ముఖం బల్ల వైపు తిరిగిపోయింది. చిన్నాయన వెనక్కి జరిగాడు. ఇంకాస్త ఊరుకుంటే మామ మళ్ళీ తిరిగేవాడేమో, ఇంకో ఘడియ ఆగితే మాట వచ్చేదేమో, ఎవరు చెప్పగలరు? తాసిల్దారుగారు పొద్దుపోకముందే ఇంటికి పోతారు, ఆయన పోతే సంతకం లేదు. మా ఇంటి ముచ్చట కోసం ఆయమ్మ ఏడాది పంట పోనివ్వడానికి నాకు మనసొప్పలేదు. లేచి గడప దాటి పోయి, చిన్నాయన చంకలో నుంచి పటం తీసుకున్నాను, ఇస్తావా అని అడగలేదు. ఇక మీదట పటాలు కూడా నా గదిలోనే ఉంటాయి, స్టూలు మీద కూర్చున్నవాళ్ళకే ఇస్తాను, ముందు దస్త్రం, ఆ తర్వాతే పటం, పటం ముందుగా ఎవరికీ లేదు అని ఇద్దరికీ వినపడేటట్టు చెప్పాను. చిన్నాయన సరేనమ్మా అన్నాడు. మామ సరేనమ్మా అన్నాడు. ఇద్దరూ అన్నది నాతోనే.

పట్టా ఆ పూటే అయింది. ఆయమ్మ దాన్ని కొంగున ముడివేసుకుని, నాకు దండం పెట్టి, పరుగులాంటి నడకతో పోయింది. వాన మర్నాడు సాయంత్రానికి గాని రాలేదు, అందాకా అన్న ఎద్దులను ఉండనిచ్చాడు, ఆలోపల ఆమె దున్నుకుంది, కొర్రా కందీ కలిపి విత్తుకుంది. ఆ సంవత్సరం కోతల తర్వాత ఒక చేట కొర్రలు తెచ్చి నా బల్లమీద పోసింది, మా అమ్మ వాటితో అన్నం వండింది. నేను మాత్రం పట్టా అయిన రోజు ఇంటికి పోతూ దారిలో ఏడ్చాను. పని చక్కబడ్డందుకు సంతోషమూ, ఏదో చేతికి అందినట్టే అంది జారిపోయిందన్న దిగులూ కలిసి వచ్చిన ఏడుపు అది. అమ్మ అడిగింది. లేదని చెప్పాను.

నా ఏర్పాటు దివ్యంగా నడిచింది. ఆ తర్వాత మా కచేరీలో ఒక నేలకు రెండు పట్టాలు అన్న మాటే లేదు. చుట్టుపక్కల తాలూకాల వాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. తాసిల్దారుగారు పైకి రాసి నా ఉద్యోగం ఖాయం చేయించారు. మామ లేచిన వేడి ఆరకముందే అదే స్టూలు మీద చిన్నాయన కూర్చునేవాడు, చిన్నాయన రాసి తుడిచిపెట్టిన కలంతోనే మామ రాసేవాడు. ఒకరి రాత కింద ఒకరి రాత, ఒకే సిరా, ఒకే పేజీ. దస్త్రం తెరిచి చూస్తే ఇంత సఖ్యంగా పనిచేసినవాళ్ళు జిల్లాలోనే లేరనిపిస్తుంది. మాట మాత్రం లేదు, దాని అవసరమే లేకుండా పోయింది. అమ్మ కూడా కొన్నాళ్ళకు అడగడం మానేసింది. మానేసిందని నేను గమనించేసరికి ఎప్పుడు మానేసిందో గుర్తులేదు.

మామ ఉద్యోగ విరమణ చేసిన మర్నాడు పొద్దున్నే చిన్నాయన వచ్చాడు. స్టూలు ఖాళీగానే ఉంది. అయినా లోపలికి రాలేదు, వసారాలో ఆ స్తంభం దగ్గరే నిలబడ్డాడు. మరిచిపోయాడేమో అనుకుని, రా చిన్నాయనా, ఎవరూ లేరు అన్నాను.

"తెలుసు," అన్నాడు.

ఇంకాసేపు అక్కడే నిలబడి ఆ తర్వాత వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు ఏం రాశాడో, ఏ ఊరి దస్త్రం అడిగాడో నాకు జ్ఞాపకం లేదు. తర్వాత రెండిళ్ళలోనూ పెళ్ళిళ్ళు జరిగాయి, చావులు జరిగాయి, ఒకరి పనికి ఒకరు వచ్చారు, కానీ వచ్చిన సంగతి అక్కడున్న మూడో మనిషి చెబితేనే రెండోవారికి తెలిసినట్టుండేది. ఇద్దరూ పోయి చాలా కాలమైంది.

ఇప్పుడు అలాంటి కచేరీ లేదు, ఎర్రగుడ్డ దస్త్రాలు లేవు. మొన్న ఏదో కాగితం పనిమీద మా మనవరాలు నన్ను కారులో ఆఫీసుకు తీసుకుపోతే, చేతికొక టోకెను ఇచ్చారు, గోడమీద నెంబరు వెలిగేదాకా అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. పక్కనున్నామెను మీది ఏ ఊరమ్మా అని అడిగితే, నా నెంబరు ఎప్పుడొస్తుందని అడుగుతున్నాననుకుని గోడ చూపించింది. పని మాత్రం గంటలో అయిపోయింది, మా కాలంలో అయితే మూడు మాట్లు తిరగాల్సి వచ్చేది, ఆ మాట కూడా చెప్పాలి.

మా మనవరాలి తప్పు కూడా నిన్న దొరికింది. తాళం సరైన చోట వేసిందట, ఇక ఆ రెండు ప్రోగ్రాములూ ఒకదాని రాతను ఒకటి చెరపవట. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నది. దానికి వడ్డిస్తూ, ఏమే, ఆ రెండూ అంతకుముందు ఎందుకు చెడ్డాయి, వాటికి మాటలు ఉండేవా అని అడిగాను. పడీపడీ నవ్వింది. వాటికి మాటలెక్కడివి అవ్వా, అసలు ఇంకొకటి ఉందన్న సంగతే వాటికి తెలీదు, తెలియాల్సిన అవసరం లేకుండా చేసేదే మా పని అంది. మంచి పనే. నేను ఇంకేమీ అడగకుండా ఇంకొంచెం పప్పు వేశాను. మామ ఆ స్టూలు మీద కూర్చున్నన్ని ఏళ్ళూ తలెత్తకుండానే రాసుకునేవాడు, గడప అవతల ఎవరు నిలబడి ఉన్నారో ఆయనకు తెలుసు, లేచేటప్పుడు స్టూలును తుడిచి మరీ లేచేవాడు.